కానుకల సంచిలో చీటీలు

లూదియమ్మ సంచిని మూడోసారి విప్పింది. పాత నూలు చీరలు చింపి ఉతికిన గుడ్డలు అడుగున ఉన్నాయి. శొంఠి పొట్లం, వాము పొట్లం ఒక పక్కన, ఆసుపత్రి పుస్తకం పైన. అన్నీ ఉన్నా మళ్ళీ చేయి పెట్టి తడిమింది.

"ఏందత్తా, నేను పోతాండేది నంద్యాలకు, మా వాణక్క ఇంటికి. అడవికి గాదు," అని కోడలు ప్రమీల నవ్వింది.

"పోయేటోళ్ళంతా నవ్వుతానే పోతారులే."

లూదియమ్మ భర్త ఎలీషా కూడా రుద్రవరం పనికి నవ్వుతూనే పోయాడు. అతని సంచి కూడా ఆమే సర్దింది.

ప్రమీల కాన్పుకు ఇంకా నెల ఉంది. కానీ ఆళ్ళగడ్డకూ, అంచున ఉన్న వాళ్ళ కాలనీకీ మధ్య వాగు ఉంది. వాగు మీద ఉన్నది మోకాలెత్తు చప్టా. నల్లమలలో గట్టి వాన పడితే నీళ్ళు చప్టా మీదుగా పారతాయి. ఇక ఆటో రాదు, అంబులెన్సూ రాదు. అందుకే నెలలు నిండుతున్న ఆడవాళ్ళు వానలకు ముందే సంచి సర్దుకుని ఎవరో ఒకరి ఇంటికి పోతారు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే వార్డు సచివాలయం నుంచి వెంకట్ చర్చికి వచ్చాడు. మున్సిపాలిటీ ఈ యేడు కాలనీకి ఒక్క పని చేస్తుందట. ఏది ముందు కావాలో జనమే చెప్పాలట. బోర్డు మీద మూడు రాశాడు: సమాధుల తోటకు గోడ, వీధి దీపాలు, వాగు మీద బ్రిడ్జి.

సంఘ పెద్దలు గోడే అడగాలని అనుకుని వచ్చారు. పందులు గోరీలు తవ్వుతున్నాయని వాళ్ళ బాధ. లూదియమ్మకు ఆ తోటలో ఎవరూ లేరు. ఉండాల్సిన ఒక్క మనిషికీ అక్కడ గోరీ లేదు. చేతులెత్తమంటే పెద్దల చేతులు లేస్తాయి, వాటిని చూసి ఆడవాళ్ళ చేతులు లేస్తాయి. వెంకట్‌కూ ఆ సంగతి తెలిసినట్టుంది. కావాల్సిన పని పేరు రాయమని చీటీలు పంచాడు. పెట్టె తేవడం మరిచిపోయి, చర్చి కానుకల సంచి అడిగి తీసుకున్నాడు.

లూదియమ్మ బడి ముఖం చూడలేదు. నలభై దాటాక బైబిలు మీద వేలు పెట్టుకుని తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. ఆ అక్షరాలతోనే 'బ్రిడ్జి' అని రాసి, మడిచి వేసింది.

వెంకట్ మొదటి చీటీ విప్పాడు. "మా ఆయన తాగుడు మానాల. సుజాత."

చర్చంతా గొల్లుమంది. రెండోది సరోజమ్మ మోకాళ్ళ నొప్పి.

ప్రతి ఆదివారం ఆడవాళ్ళు తమ మనవి, పేరు చీటీ మీద రాసి ఆ సంచిలోనే వేస్తారు. పాస్టరు వాటి కోసం ప్రార్థన చేస్తాడు. చీటీ, ఆ సంచీ కనబడేసరికి చేతులు అలవాటైన పనే చేశాయి.

"ఇవి చెల్లవమ్మా. చేతులెత్తండి, రాసుకుంటా," అని వెంకట్ చీటీలు పక్కకు నెట్టాడు.

సంఘంలో ఎన్నడూ నోరెత్తని లూదియమ్మ లేచింది.

"పడేయొద్దు నాయనా. అన్నీ సదువు."

"అవ్వా, ఇది ప్రార్థన గాదు, మున్సిపాలిటీ."

"దేవుడే ఓపిగ్గా అన్నీ ఇంటాడు. నీకేం తొందరొచ్చెరా?"

మళ్ళీ నవ్వులు. వెంకట్‌కూ నవ్వొచ్చింది. "అయితే నువ్వే సదువవ్వా," అని చీటీలు ఆమె చేతిలో పోశాడు.

ఆమె వేలు పెట్టుకుని చదివింది. "నా బిడ్డ బడి నుంచి వచ్చేటప్పుడు వాగు రాకూడదు." "ఆయన చప్టా దాటి ఇల్లు చేరాల." "నా కొడుకు బండి నీళ్ళలో పోకుండా కాపాడు ప్రభువా." తర్వాత కోడలి రాత కనబడింది: "కాన్పుకు వాగు అడ్డం రాకూడదు. మా అత్త భయం పోవాల." కొంగుతో ముఖం తుడుచుకుని మిగతావి చదివింది.

ముప్పై నాలుగు చీటీల్లో పంతొమ్మిది వాగు గురించే. గోడకు ఆరు.

"బ్రిడ్జే రాసుకోప్పా," అన్నాడు పాస్టరు యేసుదాసు. "గోరీల్లో ఉండేటోళ్ళకు తొందర లేదు."

ప్రమీల ఆ సాయంత్రమే నంద్యాలకు పోయింది. వానలు వెలిశాక బిడ్డతో తిరిగొచ్చింది. పాపకు షాలిని అని పేరు పెట్టారు. మరుసటి యేడు వానలు పట్టే వేళకు బ్రిడ్జి పూర్తయింది. కింద ఎర్రనీళ్ళు ఉరుకుతుంటే లూదియమ్మ మనవరాలిని చంకనేసుకుని పొడికాళ్ళతో ఊళ్ళోకి నడిచింది.

ఆ ఆదివారం ఆమె చీటీ మీద మనవి రాయలేదు. వందనాలు అని రాసి, కింద వెంకట్ పేరు, పాస్టరు పేరు, ఆ పంతొమ్మిదిలో తనది పోను మిగతా పద్దెనిమిది మంది పేర్లు వరసగా రాసింది. చోటు చాలక చీటీ వెనక్కి కూడా తిప్పింది.

ప్రమీల తిరిగొచ్చింది. రుద్రవరం పనికి పోయి, వస్తూ ఆ చప్టా మీద వాగులో పడిన ఎలీషా శవమై కూడా తిరిగి రాలేదు. అది 2009 అక్టోబరు రెండో తేదీ, శుక్రవారం.