నలభై నాలుగు కిలోల బంగారం

కోరుట్లలో బంగారప్పని చేసే అవుసలి వెంకటేశానికి తన చేతి మీద మహా గర్వం. ఉంగరాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేస్తే చాలు, ఎన్ని గ్రాములో చెప్పేస్తాడు. వాళ్ల నాన్న గురిగింజలతో తులాలు తూచిన మనిషి. వెంకటేశం అద్దాల పెట్టెలోని చిన్న కాంటా మీద మిల్లీగ్రాములు తూస్తాడు. తూచేటప్పుడు ఫ్యాను ఆపేస్తాడు, ఎదురుగా కూర్చున్నవాళ్లను గట్టిగా ఊపిరి కూడా వదలనివ్వడు. అలాంటి మనిషికి కిలోల లోకమంటే చిన్నచూపు. బియ్యం, ఉల్లిగడ్డ, బెల్లం దగ్గర వంద గ్రాములు అటైనా ఇటైనా అడిగే దిక్కుండదని, కిరాణా కాంటాలన్నీ దొంగవేనని అతని తీర్పు.

సమ్మక్క జాతర దగ్గరపడింది. మొక్కున్నవాళ్లు కాంటా ఎక్కి, తమ బరువుకు సరిపడా బెల్లం తూపించుకుని తల్లికి సమర్పిస్తారు. ఆ బెల్లాన్నే బంగారం అంటారు. కిందటి జాతరకు, సిరిసిల్లలో ఉన్న బిడ్డ మనీషా కాన్పు సుఖంగా జరగాలని వెంకటేశం భార్య వసంత తూగింది. అప్పుడు యాభై ఎనిమిది కిలోలు. ఈసారి కూడా తానే తూగుతానంది. ఎందుకని వెంకటేశం అడగలేదు. కిరాణా మధుకర్‌కు ఫోన్ చేసి అరవై కిలోల బెల్లం పక్కన పెట్టమని చెప్పాడు.

దుకాణం ముందు కాంటాకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. వసంత కొంగు సర్దుకుని ఎక్కింది. ఎర్ర అంకెలు కాసేపు ఊగిసలాడి నలభై నాలుగు దగ్గర ఆగాయి.

వెంకటేశం నవ్వాడు. దిగి మళ్లీ ఎక్కమన్నాడు. నలభై నాలుగు. వైరు పీకించి మళ్లీ పెట్టించాడు. అప్పుడూ నలభై నాలుగే. దాంతో కోపం నషాళానికి అంటింది. తల్లి బంగారంలో కూడా నీ చేతివాటమేనా అని, పదిమంది చూస్తుండగా మధుకర్‌ను కడిగేశాడు.

మధుకర్ మొహం చిన్నబోయింది. "అన్నా, నేను బెల్లం అమ్మేటోణ్ణి. మోసం జేసేదుంటే ఎక్కువ జూపెడ్త గని, తక్కువెందుకు జూపెడ్త?"

వెంకటేశం ఆ మాటతో ఊరుకునే మనిషి కాడు. ఎదురుగా మక్కజొన్నలు కొనే దుకాణంలో సర్కారు ముద్ర వేసిన తూకం రాళ్లుంటాయి. ఇరవై కిలోల రాళ్లు రెండు తానే మోసుకొచ్చి, తన చేత్తోనే కాంటా మీద పెట్టాడు. నలభై, చుక్క, రెండు సున్నాలు. రాళ్లు దించి మళ్లీ పెట్టబోయాడు.

"ఇగ ఇడ్సిపెట్టుండ్రి. కాంట మంచిగనే ఉన్నది," అంది వసంత.

ఆమెకు ముందే తెలుసు. అన్నం సయించడం లేదని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఎవరికి చెప్పుకోవాలో తెలియక సమ్మక్క తల్లికే చెప్పుకుని మొక్కుకున్నానని, బెల్లం దిమ్మల పక్కన నిలబడి, ఎవరింటి సంగతో అన్నట్టు మెల్లగా చెప్పింది.

యాభై ఎనిమిదిలోంచి నలభై నాలుగు తీసేసి చూసుకున్నాడు వెంకటేశం. పద్నాలుగు కిలోలు! మిల్లీగ్రాము తేడా వస్తే దుకాణమంతా ఊడ్చి వెతికే మనిషి కళ్ల ముందే పద్నాలుగు కిలోలు పోయాయి. అదీ రోజూ ఎదురుగా కూర్చుని తనకు అన్నం వడ్డించే మనిషిలోంచి. పేరుకే కళ్లు. తన మీద తనకే అసహ్యం వేసింది, ఆ వెంటనే ఈమె నాకు దక్కుతుందా అని భయం పట్టుకుంది. మొక్కు ప్రకారం నలభై నాలుగు కిలోలూ తూపించి ఇంటికి చేర్చాడు గానీ, ఆ తర్వాత మధుకర్ ఏమన్నాడో అతనికి గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే ఆమెను జగిత్యాల తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మెడ తడిమి, పొట్ట నొక్కి చూసి, రక్తపరీక్షలూ స్కానింగూ రాసింది. ఏమిటన్నది ఇప్పుడే చెప్పలేనంది. ఇంతకాలం ఆగాల్సింది కాదని మాత్రం గట్టిగానే అంది. బరువు తగ్గడం ఎప్పుడు మొదలైందో, నెలల లెక్కన చెప్పగలరా అని అడిగింది.

వసంత తెలియదంది. వేలికి వదులుగా ఉన్న ఉంగరాన్ని తిప్పుకుంటూ కూర్చుంది. వెంకటేశం చూపు దాని మీద పడింది. ఉంగరం జారిపోతోందని ఆమె ఏడాదిలో మూడుసార్లు తెచ్చి చేతికిచ్చింది. మూడుసార్లూ తానే కోసి, అతికి, మెరుగుపెట్టి ఇచ్చాడు. తీసిన ముక్కను తూచి డబ్బీలో దాచుకున్నాడు. ఎందుకు వదులైందని ఒక్కసారైనా అడగలేదు.

"నాకెరికే మేడమ్," అన్నాడు. "ఉగాదికి నూట నలభై మిల్లీలు. రాఖీ పున్నానికి నూట డెబ్బై. దీపావళికి రెండు వందల పది."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆ మిల్లీలేమిటని అడిగింది.

"ఆమె వేలు సన్నబడ్డప్పుడల్ల, ఉంగరంల కెల్లి నేను కోసి తీసిన బంగారం."