ఏడు నిమిషాలు ముందు నడిచిన గడియారం

టీ వడకడుతున్నాను. ముందుగదిలో మా ఆయన చెబుతున్నారు. "బారు మా నాన్నగారు పెట్టారండీ, నేను నిలబెట్టాను." అరవై ఏళ్ళ చరిత్ర రెండు కప్పులు నిండేలోగా అయిపోయింది.

రాసుకుంటున్నాయన రిటైరైన స్టేషన్ మాస్టరు. స్టేషన్ చుట్టుపక్కల మూతపడ్డ వాటి మీద పుస్తకం వేస్తున్నాడట. స్టేషన్‌కి అవతలివైపు కొత్త గేటు తెరిచాక ఇటు జనం రావడం మానేశారు, కింద మా బారుకి తాళం పడింది. మేం పైనే ఉంటున్నాం.

నాకు తెలిసిన బారంటే గోడలో ఒక కిటికీ. వంటగదికీ హాలుకీ మధ్య, పళ్ళెం పట్టేంత. ఎవరి పళ్ళెం వాళ్ళే వచ్చి అందుకునేవారు. "నీ వంట కనిపిస్తే చాలు, నువ్వు కనబడక్కర్లేదు" అనేవారు అత్తగారు. ఇరవై ఆరేళ్ళు మనుషుల్ని చేతుల్ని బట్టే గుర్తుపట్టాను. అవతల పగలబడి నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నారని అడగడానికి ఇవతల నాకు ఒక్క మనిషీ లేడు. అంత సందడిని ఆనుకుని అంత ఒంటరిగా ఉండొచ్చని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది.

టీ తీసుకెళ్ళేసరికి స్టేషన్ మాస్టరు గడియారం సంగతి అడుగుతున్నాడు. "మీ బార్లో కూర్చున్నవాడికి రైలు తప్పిపోయేది కాదండీ. ఏడు నిమిషాలు ముందు పెట్టారటగా?"

"మా నాన్నగారి ముందుచూపు" అన్నారు మా ఆయన.

నాకు పెళ్ళయిన రెండో ఏడు, తల్లి ఆఖరిచూపుకి బయల్దేరిన ఒకాయన ఇంకా టైముందనుకుంటూ కూర్చుని రైలు పోగొట్టుకున్నాడు. తిరిగొచ్చి నా కిటికీ గట్టు పట్టుకుని ఏడ్చాడు. ఆ చేతులు నాకిప్పటికీ గుర్తే. మర్నాడు పొద్దున్నే, హాలు ఊడ్చే అరగంటలో, హాలు నాదయ్యేది అప్పుడొక్కటే, స్టూలెక్కి గడియారం ముల్లు ఏడు నిమిషాలు ముందుకి జరిపాను. గడియారం పాడుచేశానని అత్తగారు వారంపాటు సాధించారు. ఆ ఏడు నిమిషాలకి పేరొచ్చాక ఆ ఆలోచన మామగారిదైంది. రోజూ కీ ఇవ్వడం మాత్రం నా పనే.

"అది నేను పెట్టాను" అన్నాను.

మా ఆయన నవ్వేశారు. "తనకేం తెలుసండీ, ఎప్పుడూ లోపలే ఉండేది."

స్టేషన్ మాస్టరు కలం ఎత్తి పట్టుకుని, రాయమంటారా అన్నట్టు నావైపు కాదు, మా ఆయనవైపు చూశాడు. ఉక్రోషం గొంతుదాకా వచ్చింది. మింగడం నాకు అలవాటే. ఈసారి మింగబుద్ధి కాలేదు. ట్రే బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఏమండీ, మీరు కాసేపు వంటింట్లో కూర్చోండి" అన్నాను మా ఆయనతో. "మీరుంటే ఈయన కలం కదలడం లేదు."