మాట మోసే మనిషి

ముప్ఫై మూడేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా ఊరందరి పక్కలూ సర్దిన ఆకానిసికి, ఉద్యోగం ముగిసిన రోజున వార్డు వాళ్ళంతా కలిసి రెండు రోజుల పక్కను బహుమతిగా ఇచ్చారు. అది అలాంటి ఇలాంటి పక్క కాదు. ఫిజీలో నాడి పట్నం నుంచి పడవలో గంటన్నర దూరాన ఒక దీవి ఒడ్డున, మెట్లు దిగితే పాదం నేరుగా సముద్రంలో పడే బురేలో, అంటే గడ్డికప్పు కుటీరంలో, నలుగురు అడ్డంగా పడుకున్నా ఇంకా చోటు మిగిలే పక్క. అలాంటి రిసార్టులో మామూలుగా మావాళ్ళు గదులు తుడుస్తారు గాని, గదుల్లో ఉండరు. అయినా ఆకానిసి వద్దనబోయింది. ఆమె తమ్ముడు పెనాయా పనిచేసేది అక్కడే మరి.

తమ్ముడున్న చోటికి అక్క వెళ్ళడానికి భయమెందుకంటే, వాళ్ళిద్దరూ మాట్లాడుకుని నలభై ఏళ్ళు దాటింది. అందులో వింతేమీ లేదు. మా వైపు మీసం మొలిచాక తమ్ముడు అక్కతో ఎదురుగా మాట్లాడడు, ఆమె ముందు కూర్చుని తినడు, ఆమె ఉన్న గదిలో అడుగు పెట్టడు. అది మర్యాద. చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే మధ్యలో ఇంకొకరి చేత చెప్పిస్తారు. వీళ్ళిద్దరి మధ్యా ఆ పని అమ్మ చేసేది. ఈ పద్ధతిలో ఉన్న చిక్కల్లా ఒకటే, మర్యాదకూ కోపానికీ ముఖం ఒక్కలాగే ఉంటుంది.

ఆరేళ్ళ కిందట అమ్మ కాలి పుండు నల్లబడితే పెనాయా ఆమెను పడవలో పట్నం తీసుకొచ్చాడు. చక్కెర జబ్బు ముదిరిన మనిషి. కాలు తీయక తప్పదని అమ్మకు నచ్చజెప్పింది ఆకానిసే, కాగితం మీద సంతకం పెట్టిందీ ఆకానిసే. మూడో రోజున అమ్మ పోయింది. అంత్యక్రియల్లో పెనాయా తల ఎత్తలేదు. ఆ తర్వాత ఎవరి చేతా ఒక్క మాట పంపలేదు. అమ్మను చంపింది అక్కేనని వాడు అనుకుంటున్నాడా? ఆ ఒక్క ప్రశ్న ఆకానిసిని ఆరేళ్ళుగా తినేస్తోంది. అది తేల్చుకుందామనే చివరికి పడవెక్కింది.

రేవులో ఎదురొచ్చింది కెలేరా. ఆ రిసార్టులో గదుల పనివాళ్ళకు పెద్ద, ఆకానిసికి మేనమామ కూతురు. వరసకు వదినా మరదళ్ళు కాబట్టి ఎదురుపడితే వేళాకోళమే, వాళ్ళ నోళ్ళకు తాళం ఉండదు.

"నీ నడుం చూసి పడవవాడు లైఫ్ జాకెట్లు రెండు తెచ్చాడటగా వదినా" అంది కెలేరా.

"రెండోది నీ నోటికి కట్టడానికే" అంది ఆకానిసి.

ఇద్దరూ నవ్వుకుంటూ ఇసుకలో నడిచారు. సగం దారిలో కెలేరా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఇక్కడ ఒక్కో బురేకు ఒక్కో మనిషిని కేటాయిస్తారట, టిఫిను దగ్గర్నుంచి తువ్వాలు దాకా అన్నీ అతనే చూడాలట. ఆ జాబితా వేసింది ఆస్ట్రేలియా నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు గ్లెన్. మన వరసలు ఆయనకేం తెలుసు? ఆకానిసి బురేకు పెనాయా పేరు పడింది. ఇంకొకడితో మార్చుకోరా అని కెలేరా చిలక్కి చెప్పినట్టు చెప్పిందట. పెనాయా ఒప్పుకోలేదట.

ఆ మాటతో ఆకానిసి భయం రెట్టింపయింది. రెండు రోజులూ కళ్ళ ముందు తిరిగి, మాటా పలుకూ లేకుండా సాధించాలని కాకపోతే ఎందుకు ఒప్పుకోడు?

ఆమె భయపడినట్టే జరిగింది. సాయంత్రం నిమ్మరసం, కొబ్బరిపాలల్లో నానిన పచ్చిచేప కోకోడా గిన్నె, మగ్గించిన కర్రపెండలం మెట్టు మీద ప్రత్యక్షమయ్యాయి. తలుపు తీసేసరికి పెనాయా పది బారల దూరంలో సముద్రం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. భుజాలు అచ్చం నాన్నవే. పొద్దున కూడా అంతే. నిమ్మాకు టీ, బొప్పాయి ముక్కలు మెట్టు మీద, మనిషి వీపు ఇటు. ఎంత మెత్తని పక్కయితేనేం, రాత్రంతా ఆకానిసికి కంటిమీద కునుకు పడలేదు.

ఈ వీపు వ్యవహారం గ్లెన్ కంట్లో పడింది. ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు. మంచి మనిషే పాపం, ఎండకూ కోపానికీ ఒకేలా ఎర్రబడతాడు.

"క్షమించాలి మేడమ్. నిన్నటి నుంచీ చూస్తున్నాను, ఈయన మీ ముఖం కూడా చూడట్లేదు. ఇంత ఖరీదైన చోట అతిథికి వీపు చూపిస్తే ఎలా? ఇప్పుడే వేరే మనిషిని పంపిస్తాను."

"ఆయన్నేం అనకండి సార్. నా తమ్ముడు."

"తమ్ముడా? మరి మాట్లాడుకోరా?"

"తమ్ముడు కాబట్టే మాట్లాడుకోం."

గ్లెన్ ఇటు ఆమెనూ అటు ఆ వీపునూ మార్చి మార్చి చూశాడు. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా ఇరుక్కున్న ఆ మనిషిని చూస్తుంటే ఆకానిసికి ఉన్నట్టుండి తట్టింది. ఈయన చుట్టమూ కాదు, వేళాకోళం వరసా కాదు. సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. అడిగేస్తే పోతుంది అనుకుంది.

"సార్, జాబితా మార్చుకోమంటే ఎందుకు మార్చుకోలేదో ఆయన్ని అడగండి."

"ఆయనకి వినిపిస్తూనే ఉంది కదండీ..."

"మీరు అడగండి."

గ్లెన్ అడిగాడు. పెనాయా తల తిప్పలేదు.

"మా అక్క ముప్ఫై మూడేళ్ళు ఊరందరికీ చాకిరీ చేసింది సార్. ఆవిడకి రెండు పూటలు తిండి పెట్టే పని ఇంకొకడికెందుకు ఇస్తాను?"

గ్లెన్ ఆ మాటను పొల్లుపోకుండా అందించాడు. ఆకానిసి చేతిలోని టీ కప్పు మెట్టు మీద పెట్టింది. సాధించడానికి కాదన్నమాట. ధైర్యం తెచ్చుకుని, మరి ఆరేళ్ళుగా ఎవరి చేతా ఒక్క మాటైనా ఎందుకు పంపలేదో అడగమంది.

గ్లెన్ ఆ ప్రశ్ననూ పెనాయాకు అందించాడు.

"ఏ మొహం పెట్టుకుని పంపను సార్? కాలు నల్లబడుతుంటే చూస్తూ కూడా ఆకు పసరుతో తగ్గుద్దని రెండు వారాలు ఊళ్ళోనే ఉంచాను. ముందే తెచ్చుంటే అమ్మ బతికేది. అక్క నన్ను క్షమించదు. ఆ సంగతి నాకు తెలుసు."

ఆకానిసి మెట్టు మీద కూర్చుంది. ఆరేళ్ళు! తాను వాడి కోపానికి భయపడుతుంటే, వాడు తన కోపానికి భయపడుతున్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"చెప్పండి సార్, నేను నర్సునని చెప్పండి. ఆ కాలు నా చేతుల్తో కడిగాను. పుండు ఎముక దాకా దిగి నెలలైంది. అమ్మే గుడ్డ చుట్టుకుని ఎవరికీ కనపడకుండా దాచింది. రెండు వారాలు ముందు తెచ్చినా అదే జరిగేది. వాడి తప్పు ఆవగింజంత లేదు."

ఇది చెప్పేటప్పుడు గ్లెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒక్క మాటా వదలకుండా చెప్పాడు. పెనాయా భుజాలు ఒక్కసారి కుంగి, మళ్ళీ మెల్లగా పైకి లేచాయి. వాడు అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"సార్, అమ్మ పడవలో ఒక మాట అంది. అక్కకి చెప్పమంది. నవ్వులాటవాళ్ళ చేత పంపే మాట కాదది. నేనా, చెప్పలేకపోయాను. అమ్మ అన్నట్టుగానే అంటాను, మీరూ అలాగే అనండి."

ఆ మాటలు ఇంగ్లీషువి కావు. వాళ్ళ దీవిలో, వాళ్ళ ఊళ్ళో మాట్లాడే మాటలు. తనకు ఒక్క ముక్క అర్థం కాలేదని గ్లెన్ అన్నాడు. అర్థం కానక్కర్లేదు సార్ అన్నాడు పెనాయా. ఒక్కో మాటే అందించాడు. గ్లెన్ ఆకానిసి వైపు తిరిగి, తడుముకుంటూ, పలకరాని చోట పలకరాకుండానే పలికాడు.

"నీసీ. కాలు తీస్తారని తెలిసే నేను పడవెక్కాను. నువ్వు నచ్చజెప్పినా చెప్పకపోయినా ఒప్పుకునేదాన్నే. తిరిగి రాకపోతే ఆ బరువు నీ చేతుల మీద వేసుకోకు తల్లీ."

నీసి అని ఆమెను ఈ లోకంలో ఒక్క మనిషే పిలిచేది. ఆకానిసి ఒళ్ళో పెట్టుకున్న తన చేతుల్ని చూసుకుంది. కన్నీళ్ళు వాటి మీదే పడుతున్నాయి. తుడుచుకోవాలనిపించలేదు. ఇంత హాయిగా ఏడ్చి ఎన్నాళ్ళయిందో.

"తప్పుగా అన్నానా మేడమ్?" అన్నాడు గ్లెన్ కంగారుగా.

"లేదు సార్. ఇంకోసారి అనండి."

గ్లెన్ వెనక్కి తిరిగి చూశాడు. పెనాయా సముద్రం వైపే చూస్తూ, అప్పటికే మొదటి మాట అందిస్తున్నాడు.