బతకాల్సిన మొక్కలు

సముద్రాల అవతల, తవువా పైకొండల్లో ఒక దొరకు రంపపు మిల్లు ఉండేది. మునియ్య ఓడ దిగగానే అతన్ని అక్కడికి తోలారు, అతని భార్య ద్రౌపదిని కింద చెరకు తోటకు పంపారు. ఆలుమగలను విడదీయకూడదని రూలు ఉందట. ఉంటే ఉంది, కొండెక్కి చూసేదెవరు? గిర్మిట్ అనే కూలి ఒప్పందం ఐదేళ్లూ తీరకుండా, పాసు లేకుండా దిగితే జైలే.

అయినా మునియ్యకు ఒక ఆశ ఉండేది. చెట్లు అయిపోతే మిల్లు మూసేసి, కూలీలందరినీ చెరకు తోటకు దింపుతారు. అందుకే డాకువా మాను కనబడితే చాలు, పూనకం వచ్చినవాడిలా నరికేవాడు. మాను కూలినప్పుడల్లా పెళ్లాం కాస్త దగ్గరికొచ్చినట్టు ఉండేది.

కింది నుంచి బియ్యం బండి తోలుకొచ్చే వేలు ఒకనాడు కబురు తెచ్చాడు.

“ఆడబిడ్డన్నా. ఇద్దరూ బాగుండారు. పేరు నువ్వొచ్చి పెట్టాలంట. అందాక వదిన పాపా అనే పిలుస్తాదంట.”

ఆ సంతోషంలో మునియ్య ఇంకా నరికాడు. సరిగ్గా అప్పుడే దొరకు బుద్ధి వచ్చింది, మన ఖర్మ కాకపోతే! ఇలా నరుక్కుంటూ పోతే కొండ బోడి అవుతుంది, ఆనక మిల్లు దేనికి? ఇకనుంచి లేత చెట్టు ముట్టకూడదు, విత్తనం రాల్చే పెద్ద మానులు కొన్ని వదలాలి, నరికినచోట మొక్క నాటాలి అన్నాడు. మంచి మాటే, ఎవరు కాదన్నారు? అడవి నిలుస్తుంది, మిల్లు నిలుస్తుంది. మునియ్య కూడా అక్కడే పడి ఉంటాడు.

నాటే పని అతనికే పడింది. మొక్కలు చస్తే దొర విసిగి మానుకుంటాడని, తల్లివేరు గోటితో తుంచి మరీ పాతాడు. రైతుబిడ్డ కదా, మొదటి మొక్కను కళ్లకద్దుకున్నాడు. తప్పు కాయమ్మా అనుకుంటూనే కానిచ్చాడు. నాలుగు రోజుల్లో అన్నీ వాడిపోయాయి.

కూలీల మీద పెత్తనం చేసే సర్దారు రామ్ లాల్ ఎండిన మొక్కను పీకి వేరు చూశాడు. అరిచినా బాగుండేది, అరవలేదు.

“మునియ్యా, దొర బోలా. ఇంక నాటితే టాస్కు కాదు, బతికితే టాస్కు. మొక్క చస్తే ఆ రోజు గిర్మిట్‌లో లెక్కకి రాదు. ఆ రోజులన్నీ లాస్ట్‌లో చేసి పోవాలె. సమ్‌ఝా?”

“ఎన్నాళ్లు సర్దార్?”

“మొక్కని పూఛో.”

మునియ్య బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. మొక్క చస్తే గిర్మిట్ తీరదు, బతికితే మిల్లు మూతపడదు. ఎండాకాలమంతా వాగు నుంచి కిరసనాయిలు డబ్బాలతో నీళ్లు మోశాడు. బతకండే, మీకు దండం పెడతా అని ఒక్కో మొక్కనూ బతిమాలేవాడు. అది తలెత్తుకుని నిలబడితే మళ్లీ దాని మీదే కడుపు మండేది.

ఏడాది తిరిగాక వేలు ఇంకో కబురుతో వచ్చాడు.

“పాప నడుస్తా ఉందన్నా. ఇంకా పేరు లేదేమని కూలీల లైన్లలో అందరూ నవ్వతా ఉండారు. ఎప్పుడొస్తావో అడగమంది వదిన.”

మునియ్య చేతులకంటిన మట్టిని పంచెకు తుడుచుకున్నాడు.

“పేరు మీ వదిననే పెట్టమను.”

“ఏం పేరు పెట్టమంటావన్నా?”

“తనకు నచ్చింది. నువ్వు మాత్రం ఆ పేరు నాకు చెప్పబాకు వేలూ. తెలిస్తే నేనీడ ఉండలేను.”