పట్టీ కింది దారి

మొగుడి మీద చాడీలు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఉన్నమాట చెబితే అది చాడీ ఎలా అవుతుందని మాత్రం ఆవిడ వాదన. ఉన్నమాట ఏమిటంటే, ఆ మనిషికి చిరిగిన కాగితం కంటబడితే అన్నం సహించదు. నలభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసిన చేతులు మరి. వాళ్ళింట్లో కుక్కరుతో పాటు వచ్చిన సూచనల కాగితానికి గట్టి అట్ట, గుడ్డ వెన్ను, దాని మీద బంగారు రంగు అక్షరాలు ఉన్నాయి. మిక్సీ గ్యారంటీ కార్డు చూస్తే ఏదో మహాగ్రంథం అనుకుంటారు. ఆయన చేతిలో పడిన కాగితం నూరేళ్ళు బతుకుతుందని ఊరంతా మెచ్చుకుంటుంది. ఆయన చేతిలో పడిన పెళ్ళాం సంగతి ఎవరూ అడగరు.

అడిగి ఉంటే తొమ్మిదేళ్ళ కిందటి లోయ గురించి చెప్పేది.

అదీ ఇలాంటి చలికాలమే. నది పక్కన కొండ అంచునే సాగే బాట. ఆయన, ఆవిడ, ఆయన చెల్లెలు, ముగ్గురే. ఒకచోట బాట రెండుగా చీలింది. పైకి వెళ్ళేది వెడల్పుగా, ఎండలో మెరుస్తూ ఉంది. కిందికి దిగేది పొదల్లో సన్నగా ఉంది. "వంతెన నీళ్ళ మీద కదండీ ఉండేది, కిందికే వెళ్దాం," అంది ఆవిడ. ఆయన మ్యాపు విప్పి చూసి, "ఇందులో ఉన్నది ఒకటే దారి. అది మేకలు తిరిగే జాడ," అని పైకి నడిపించాడు. గంట నడిచాక బాట కొండ అంచున ఠక్కున తెగిపోయింది. ముందు లోయ, అవతల నిలువు కొండ. ఆ కొండ పాదాన, అవతలి గట్టున, పదిహేను మంది కూర్చుని తింటున్నారు. వాళ్ళు వింతగా చూసేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు:

"మా ఆవిడ దారి తప్పించిందండోయ్!"

కొండ అదే మాట మూడుసార్లు అప్పజెప్పింది. పదిహేను మందీ నవ్వారు. ఆడపడుచు పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

అక్కడితో పోతే ఆవిడ మర్చిపోయేదే. కానీ ఆయన ఆ కథకూ బైండు వేశాడు. పెళ్ళిళ్ళలో చెప్పాడు, పరామర్శలలో చెప్పాడు, కోడలిని చూడ్డానికి వెళ్ళినప్పుడు వియ్యాలవారికి కాఫీ తాగుతూ చెప్పాడు. ఇంట్లో ఎవరు ఏ పని వంకరగా చేసినా దానికి 'మీ అమ్మ దారి' అని పేరు పెట్టాడు. ఎక్కడ తప్పారో ఆయనకు గుర్తు లేదు. ఎవరివల్ల తప్పారో మాత్రం బాగా గుర్తుంది.

కిందటి నెల నాలుగేళ్ళ మనవరాలు ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని, కిందికి చూసి, కిలకిలా నవ్వి, "అయ్యో, నానమ్మ దారి!" అంది.

ఆవిడ నవ్వుతూనే చెప్పు మార్చింది. నవ్వుతూనే పిల్లకు గ్లాసుతో పాలు ఇచ్చింది. తలుపు వేసుకుని అల్మరా తెరిచినప్పుడు మాత్రం నవ్వలేదు. ఈ మాట మూడో తరం నోటికి ఎక్కింది. ఇప్పుడు తెంచకపోతే, తను పోయాక గోడ మీద ఫొటో కింద కూడా ఇదే ఉంటుంది.

పాత మ్యాపు అట్ట సంచిలో భద్రంగా ఉంది. తొమ్మిదేళ్ళ కిందట లోయకు బయల్దేరే ముందు ఆయన దాన్ని మడతల దగ్గర చిరక్కుండా పల్చటి గుడ్డ పట్టీలు అంటించి బాగుచేశాడు. వెనకవైపు బస్సుల వేళలు ఉన్నాయని, పట్టీలు ముందువైపే అంటించాడు. ఆవిడ దాన్ని కిటికీ అద్దానికి ఆనించి, ఎండ వెనకనుంచి పడేలా పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మళ్ళీ అదే మడతల్లో మడిచి, అదే సంచిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి వారం రోజులపాటు ఆయనకు ఇష్టమైనవే వండింది. ఆయన అప్పుడే అనుమానించాల్సింది.

"ఎండ ఎంత బావుందో చూశారా? ఆ లోయకు మళ్ళీ ఒకసారి వెళ్దామండీ," అంది ఒక ఉదయం. "మీ చెల్లెల్ని కూడా రమ్మనండి. మ్యాపు మీ దగ్గరే ఉంచుకోండి."

అలా మళ్ళీ ముగ్గురూ బాట ఎక్కారు. నీడలో మంచు ఇంకా గడ్డి అంచుల్ని పట్టుకునే ఉంది. ఎండ పడినచోట రాళ్ళు అప్పుడే వెచ్చబడ్డాయి. కింద నది సీసా రంగులో, రాళ్ళ దగ్గర మాత్రం తెల్లగా పొంగుతోంది. ఇంత అందమైన చోట ఇంత కక్ష మోసుకుని నడవడం బావుంటుందా అని ఆవిడ తనను తాను ప్రశ్నించుకుంది. చాలా బావుంది.

"వదినా, ఇవాళ నువ్వు మాత్రం నోరెత్తకు తల్లీ," అంది ఆడపడుచు రొప్పుతూ. "నా మోకాళ్ళు అప్పటివి కావు."

"ఎత్తనమ్మా. నోరు కుట్టేసుకుని వచ్చాను. మీ అన్నయ్య దారంతోనే."

"నీ సంచేమిటి అంత ఉబ్బింది?"

"దారిలో పనికొస్తాయని."

చీలిక వచ్చింది. బోర్డు పాతిన గుంట ఉంది కానీ బోర్డు లేదు. వెడల్పు బాట పైకి, సన్న బాట కిందికి. బైండరు గారు కళ్ళజోడు సవరించుకుని మ్యాపు విప్పారు. ఆవిడకు ఒకటే భయం. ఒకవేళ ఈ మనిషి ఇవాళ కిందికి వెళ్దాం అంటే? తొమ్మిదేళ్ళ ఆకలి మీద నీళ్ళు చల్లినట్టే.

"ఒకటే దారి. పైకే," అన్నాడాయన.

"మీరెలా అంటే అలా," అంది ఆవిడ తేనె ఒలికిస్తూ.

ఆయన ఆగి చూశాడు. "ఏం, ఏమీ అనవా?"

"నాకేం తెలుసండీ? నా దారి సంగతి లోకానికంతా తెలిసిందేగా."

ఆడపడుచు మాత్రం కింది బాటవైపు ఒకసారి, వదిన మొహంవైపు ఒకసారి చూసి ఏదో అనబోయి మింగేసింది. ఆవిడ అది గమనించింది. దాచుకుంది.

గంట నడిచారు. దారి పొడవునా ఆయన, మ్యాపు చదవడం కూడా ఒక విద్యేనని చెబుతూనే ఉన్నాడు. మలుపు తిరగ్గానే బాట తెగిపోయింది. ముందు లోయ. అవతల నిలువు కొండ. దాని పాదాన రంగురంగుల కోట్లు వేసుకున్న ఏడుగురు ఎండ కాగుతున్నారు.

ఆవిడ సంచి దింపింది. దుప్పటి పరిచింది. మూడు చిన్న దిండ్లు తీసి వరసగా వేసింది. ఫ్లాస్కు, నారింజ పళ్ళు, ఆడపడుచు మోకాలికి కట్టు.

"వదినా," అంది ఆడపడుచు దిండ్లను చూస్తూ, "కొండెక్కుతూ ఎవరైనా దిండ్లు తెస్తారా?"

"దారి ఇక్కడ ఆగిపోతుందని తెలిస్తే తెస్తారమ్మా. రా, కూర్చో."

"అంటే తెలిసే నడిపించావా!" ఆయన మొహం కందగడ్డ అయింది.

"నడిపించింది మీరు. నేను వెనక నడిచాను. ఆ రోజూ అంతే."

"బాటే మార్చేసి ఉంటారు. మ్యాపులో చక్కగా..."

"ఏదీ, ఇలా ఇవ్వండి."

ఆవిడ మ్యాపును రెండు చేతులతో సూర్యుడికి ఎదురుగా ఎత్తిపట్టింది. చలికాలపు తెల్లటి ఎండ కాగితంలోంచి దూసుకొచ్చింది. గుడ్డ పట్టీ పల్చబడి, దాని కింద సన్నటి గీత ఒకటి తేలింది. బాట చీలినచోట మొదలై, పట్టీ పొడవునా కిందికి దిగి, నది మీద చిన్న వంతెన గుర్తు దగ్గర ఆగింది. సరిగ్గా పట్టీ వెడల్పులో ఉంది ఆ దారి మొత్తం.

ఆయన దగ్గరికి వచ్చాడు. బొటనవేలి గోటితో పట్టీ అంచు గీరబోయాడు. అది ఊడలేదు. ఆయన అంటించింది ఏదీ ఊడదు.

"మంచి పనితనం," అంది ఆవిడ.

"మడత దగ్గర చిరుగుతుందని..." ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. "అయినా నువ్వు ఆ రోజు గట్టిగా చెప్పి ఉంటే..."

"చెప్పింది అన్నయ్యా," అంది ఆడపడుచు దిండు మీద కూలబడి. "కిందికే వెళ్దాం అంది. నేను విన్నాను. నువ్వు అరిచాక అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేశాను. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు."

ఆయన బూటుతో ఒక రాయిని అటూ ఇటూ దొర్లించాడు.

"సరేనోయ్," అన్నాడు చివరికి, ఫ్లాస్కు వైపు చేయి చాచుతూ. "ఏదో పొరపాటు జరిగింది. టీ పొయ్యి."

ఆవిడ ఫ్లాస్కు పక్కకు జరిపింది. "నాకెందుకు చెబుతారు? నాకు ఎప్పుడో తెలుసు. అబద్ధం విన్నది ఆ కొండ. దానికి చెప్పండి."

"పిచ్చా నీకు? అక్కడ మనుషులున్నారు!"

"ఆ రోజు పదిహేను మంది. ఇవాళ ఏడుగురే. మీకు బాగా కలిసొచ్చింది."

ఆయన చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు శ్రద్ధగా నారింజ తొక్క తీస్తోంది. ఆయన అంచు దగ్గరకు వెళ్ళి, దగ్గి, పెదవుల్లోనే ఏదో గొణిగాడు.

"కొండకు వినబడలేదటండీ."

"పొరపాటు..."

"అది పొరపాటు కాదు. ఆ రోజు వాడిన గొంతు కావాలి. చేతులు కూడా అలాగే పెట్టుకోండి. మీ మనవరాలికి వెళ్ళి చెప్పేది ఎలాగూ మీరే, ఇక్కడ సాధన చేసినట్టు ఉంటుంది."

మనవరాలి మాట వినగానే ఆయన తిరిగి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఆ నవ్వని మొహాన్ని ఆయన ఒక పేజీ చదివినట్టు పైనుంచి కిందిదాకా చదివాడు.

తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అవతల ఏడుగురూ తలలెత్తారు.

"మా ఆవిడ సరిగ్గానే చెప్పిందండోయ్! తప్పు నాదేనండోయ్!"

నాదేనండోయ్, అంది కొండ. దేనండోయ్. డోయ్.

"ఇంకొక్కసారి," అంది ఆవిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "ఆ చివరాయన ఇటు చూడలేదు."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"తప్పు నాదేనండోయ్!"