కొబ్బరికాయకి వచ్చిన ఆఫీసు

"రేపు టెక్కలి నుంచి నిరంజన్ సీడీ తెస్తాడు, ఉత్తినే ఇస్తాడు" అని కంప్యూటర్ టీచరు జయశ్రీ అంది. వరండా ఊడుస్తున్న దాలమ్మ చెవిలో పడేసరికి ఆ సీడీ కాస్తా జీడి అయింది. తెల్లారేసరికి కవిటి బడి ముందు జనం, చేతుల్లో సంచులు! జీడిపప్పు ఉత్తినే వస్తుందంటే ఉద్దానంలో ఇంటిపట్టున ఉండేదెవరు?

జయశ్రీ ఆ సంచులు చూసే స్థితిలో లేదు. పదింటికి ఇన్‌స్పెక్షను. కంప్యూటర్లలో టైపు చేయడానికి కొని వేసుకున్న ఆఫీసు అనే ప్రోగ్రాముకి గడువు తీరిపోయి అక్షరమ్ముక్క కొట్టనివ్వడం లేదు. మళ్లీ కొనే శక్తి బడికి లేదు. పిల్లలు టైపు చేసి చూపించకపోతే కంప్యూటర్లు వేరే ఊరి బడికి తరలిపోతాయి.

ఆమెతో కాలేజీలో చదివిన నిరంజన్ బండి దిగుతూనే సీడీ తీశాడు. "ఓపెన్ ఆఫీసు. ఎవరైనా వాడుకోవచ్చు, పైసా అక్కర్లేదు."

హెడ్మాస్టరు ధర్మారావు కంప్యూటర్ల గదికి అడ్డంగా నిలబడ్డాడు. "ఉత్తినే వచ్చింది ఎట్టేత్తావేటమ్మా? ఉత్తినే తెచ్చిన కొబ్బరిమొక్క నిలుత్తాదేటి? మా తాత కాణ్ణించి ఎవులూ అలా పాతనేదు."

"ఇది మొక్క కాదు మాస్టారూ!"

"పాతది తీసి కొత్తది పాతడమే కదమ్మా!"

నిరంజన్ నవ్వాడు. జయశ్రీకి ఏడుపొచ్చింది. వాదనకి దిగితే జీడిపాకంలా సాగుతుంది, ఇన్‌స్పెక్టరు ఆగడు. ఆమెదీ కొబ్బరితోట ఇల్లే. మొక్క తెచ్చుకునేటప్పుడు ఇచ్చినవాళ్ల చేతిలో నాన్న ఏం పెట్టేవాడో చటుక్కున గుర్తొచ్చింది. వరండాలో ఆనించిన మాస్టారి సైకిలు సంచిలోంచి కొబ్బరికాయ లాగి నిరంజన్ చేతిలో పెట్టింది.

"ఇప్పుడు ఉత్తిది కాదు మాస్టారూ!"

"నా కాయే ఇచ్చేసినావేటి!" అంటూనే ఆయన పక్కకి తప్పుకున్నాడు.

నిరంజన్ ఎక్కించిన కొత్త ఆఫీసులో పిల్లల పాత వ్యాసాలు చెక్కుచెదరకుండా తెరుచుకున్నాయి. జయశ్రీ ఒక్క అక్షరం కొట్టి చూసింది. పడింది! ఇన్‌స్పెక్టరు పిల్లల టైపింగు చూసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. కంప్యూటర్లు కదల్లేదు. జయశ్రీ మాత్రం కదిలి కుండ దగ్గరకెళ్లి, మంచినీళ్లు గడగడా తాగింది.

"మరి మా జీడేదీ టీచరమ్మా?" సంచీ దులుపుతూ దాలమ్మ అడిగింది.

అప్పటికిగాని జయశ్రీకి ఆ జనం ఎందుకొచ్చారో బోధపడలేదు. పగలబడి నవ్వి, మిలమిలలాడే బిళ్లని అందరికీ ఎత్తి చూపించింది. "నేనన్నది సీడీ! జీడి కాదు! ఇది కంప్యూటరు తింటుంది, మనం కాదు!"

నిరంజన్ కొబ్బరికాయ కొట్టి తలో ముక్కా పెట్టాడు. దాలమ్మ ముక్క నములుతూ తేల్చేసింది:

"కాయ మాస్టారిది, సీడీ ఈ బాబుది, సెవుడు నాది!"