తప్పు చెప్పే డాక్టరు

ఎల్లారెడ్డిల అప్పుడు టీవీలున్న ఇండ్లు మూడో నాలుగో. గురువారం పొద్దుగూకిందంటే అన్వరి బేగం ఇంటి ముంగట చెప్పులు కుప్పవడేటియి. ఆడోళ్లు చాటలు ఒళ్లె పెట్టుకొని, బీడీలు చేసుకుంటనే దవాఖాన నాటకం చూసేటోళ్లు. అండ్ల డాక్టరు పంటినొప్పికి కాలుకు కట్టు కడుతడు. జ్వరమొచ్చినోన్ని ఇడిశిపెట్టి తోడొచ్చినోనికి సూదిస్తడు.

నాటకం అయిపోయే ముందు ఆయన అద్దాలు తుడుసుకొని, టీవీలకెల్లి బయటికి చూసి, కూసున్నోళ్లల్ల ఒక్కలికి రోగం చెప్తడు. వారానికి ఒక్కలికే. చెప్పింది ఒక్కనాడు నిజం కాలె. పెండ్లాన్ని తోలుకపోను వచ్చి కూసున్న పోచయ్యను "ఉగాది దాటరు" అన్నడు. రెండు ఉగాదులాయె, పోచయ్య ఇంకా సైకిల్ తొక్కుతుండు. అన్వరి కోడలు రఫియాకు "పిల్లలు పుట్టరమ్మా" అన్నడు. కవలలు పుట్టిండ్రు. అందుకే ఎవలికన్న పెద్ద రోగం చెప్పిండంటే ఆ పూట పాలు పోసి సేమ్యా వండుకుంటరు.

ఆ బీడీలు చేసేటోళ్లల్ల గంగామణికి ఓ గురువారం నాటికి రెండు రోజుల సంది కడుపునొప్పి. బజార్ల డాక్టరు గ్యాసని గోలీలిచ్చిండు. నొప్పి తగ్గలె.

"ఇయ్యాల నన్ను చూస్తడా పెద్దమ్మా?"

"ఏం చెప్పాల్నే నీకు?" అన్నది అన్వరి.

"క్యాన్సర్ అంటె సాలు. నిమ్మలంగ పంట."

"నీ ఆశ పాడుగాను. నాకు షుగరన్న చెప్తలేడు."

డాక్టరు అద్దాలు తుడిశిండు. గంగామణిని చూసి నవ్విండు.

"మీకేమీ లేదమ్మా. గుండ్రాయిలా ఉన్నారు. ఇంటికెళ్లి హాయిగా పడుకోండి."

టీవీల జనం పగలబడి నవ్విండ్రు. ఇంట్ల ఒక్కలు నవ్వలె. రఫియా లేశి గంగామణి ఒళ్లెకెల్లి చాట తీసి పక్కకు పెట్టింది.

"కరీం, జీపు తియ్యి బిడ్డా," అని కొడుకును పిలిశింది అన్వరి.

"గోలీలేసుకున్న కద. పొద్దుగాల పోదాం తియ్," అన్నది గంగామణి.

"ఇంటికి పోయి పండుమన్నడు, ఇనలేదా? లెవ్."

కామారెడ్డిల పెద్ద డాక్టరమ్మ కడుపు ఒత్తి చూసి అప్పటికప్పుడు ఆపరేషన్ చేసింది. పేగుకున్న తోక ఉబ్బి పగిలేటట్టున్నదట. తెల్లారేదాక ఆగితె పానం దక్కకపోయేదట.

"మంచి టైముకు తెచ్చిండ్రు. ఎవరు పంపిండ్రు?" అని అడిగింది.

"మా డాక్టరే," అన్నది అన్వరి.

నెల దాటినంక, కుట్లు గుంజుతుంటె మెల్లగ నడుసుకుంట, గంగామణి మళ్ల చాట పట్టుకొని వచ్చింది. నాటకం అయిపోవస్తున్నది. డాక్టరు అద్దాలు తుడుసుకొని అందరిని చూసుకుంట వచ్చి, ఆమె కాడ ఆగిండు. మొకం చిన్నగ చేసుకున్నడు.

"అయ్యో. మీరు ఈ నెల గడవడం కష్టమమ్మా."

గంగామణి ఒక తునికాకు తీసి కత్తెర పెట్టింది.

"పెద్దమ్మా, పాలు పొయ్యి మీద వెట్టు," అన్నది, తల ఎత్తకుంటనే.